ఊరు దాటని పండు

కాశీబుగ్గ బజారులో ఇప్పుడు ఏ పండ్ల బండి ముందు నిలబడినా కివీ ఉంటుంది, డ్రాగన్ ఫ్రూట్ ఉంటుంది, ఒంటికి స్టిక్కరు అంటించుకున్న వాషింగ్టన్ ఆపిల్ ఉంటుంది. ఏప్రిల్ నెలలో ఆ బండికి కాస్త దూరంలోనే, వజ్రపుకొత్తూరు వైపు వెళ్లినా మందస వైపు వెళ్లినా సోంపేట వైపు వెళ్లినా, జీడితోటల్లో ఎర్రటివీ పసుపుపచ్చటివీ పండ్లు రాలి నేలంతా పరుచుకుని కనిపిస్తాయి. విటమిన్ సి లెక్కలో నారింజకి నాలుగైదు రెట్లు. నొక్కితే కారే రసం, అందులో పదో వంతు దాకా చక్కెర, నాలుగు పండ్లు పెడితే గది నిండిపోయే వాసన. అది మాత్రం బండెక్కదు. పిక్క మెలితిప్పి గంపలో వేసుకుని, పండుని చెట్టు కిందే వదిలేస్తారు.

పిక్క సంగతి వేరు. పలాస, కాశీబుగ్గ కార్ఖానాలకు ఈ తోటలున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు పిక్కలు చాలక పశ్చిమ ఆఫ్రికా నుంచి కూడా వస్తాయి. ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసి, రేవులో దిగి, లారీలో చేరి, గోదాములో నెలలు గడిపినా వాటికేమీ కాదు. ఒకే తొడిమకి రెండూ వేలాడతాయి. ఒకటి సముద్రాలు దాటి వస్తుంది. రెండోది సోంపేట నుంచి విశాఖపట్నం కూడా చేరలేదు.

మామూలు దుకాణంలో దొరకని పండ్ల కోసం వెతికేవాళ్లు ఎక్కువగా దూరదేశాల వైపు చూస్తారు. దూరం నుంచి వచ్చేదే అరుదైనదని మన లెక్క. అసలు లెక్క తిరగేసి ఉంది. న్యూజిలాండ్ నుంచి పలాస దాకా రాగలిగిందంటేనే ఆ పండు ప్రయాణానికి తయారైనదన్నమాట, అలాంటిది ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. దుకాణం పండుని రుచి చూసి ఎంచుకోదు. లారీ కుదుపుకి, గోదాము చలికి, అరలో నిరీక్షణకి ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చూసి ఎంచుకుంటుంది. ఓర్చుకోలేనివి ఎక్కడివక్కడే ఉండిపోతాయి. వాటిని కొనాలంటే మనమే వెళ్లాలి. అలా వెళ్లి తినవలసిన పండ్లు ఉద్దానంలో కనీసం మూడున్నాయి. జీడిపండు వాటిలో మొదటిది, అన్నిటికన్నా మొండిది.

వృక్షశాస్త్రం ప్రకారం అది పండే కాదు. అసలు పండు పిక్క. పువ్వులోని అండాశయం పిక్కగా మారుతుంది. దాని పైనున్న తొడిమ ఉబ్బి, రంగెక్కి, రసం నింపుకుని పండు వేషం వేస్తుంది. తోటలో కాస్త గమనిస్తే ఈ వరస కంటికే కనిపిస్తుంది. ముందు పిక్క పెరుగుతుంది, ఆకుపచ్చగా, లావుగా. అప్పటికి తొడిమ ఇంకా సన్నటి కాడే. పిక్క తన పూర్తి సైజుకి వచ్చి గట్టిపడడం మొదలయ్యాక, చివరి రోజుల్లో తొడిమ హఠాత్తుగా పొంగుతుంది. కాయ పని ముగిశాక, దాన్ని మోసుకుపోయే జంతువుకి ఇచ్చే కూలి అది.

ఆ కూలి తీసుకునేవి ముఖ్యంగా గబ్బిలాలు. పండుని నోట కరుచుకుని ఎగిరిపోయి, వేరే చెట్టు మీద వేలాడుతూ రసం పీల్చి, పిక్కని కింద పడేస్తాయి. పిక్క జోలికి పోవు, పోతే నోరు కాలుతుంది. పిక్క పైడొల్లలో తేనెపట్టు గదుల్లాంటి అరలు, వాటి నిండా అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి రసాయనాలున్న నల్లటి జీడి నూనె. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. బట్టల మీద గుర్తు పెట్టడానికి చాకళ్లు వాడిన నల్లజీడిదీ ఇదే కుటుంబం. మామిడికాయ ముచ్చిక దగ్గర కారే జీడి పిల్లల మూతిని కాల్చడం కూడా ఈ కుటుంబ లక్షణమే. పలాస కార్ఖానాల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడేది ఈ నూనె వల్లే. పైన తీపి ఎర, కింద విషపు పెట్టె. చెట్టు ఉద్దేశంలో సందిగ్ధం ఏమీ లేదు.

ఈశాన్య బ్రెజిల్ తీరంలోని ఇసుక నేలలు ఈ చెట్టు పుట్టిల్లు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు గోవాకి తెచ్చారు. అక్కణ్నుంచి రెండు తీరాల వెంబడీ పాకింది. ఉద్దానం ఇసుక దానికి పుట్టింటి ఇసుకలాగే కుదిరింది. అంటే ఇక్కడి తోటల్లో తొక్కుకుంటూ నడుస్తున్నది దక్షిణ అమెరికా పండుని. డ్రాగన్ ఫ్రూట్ పుట్టిందీ ఆ అమెరికా ఖండాల్లోనే. ఒకటి ఇంటిదై చెట్టు కింద పడి ఉంది, రెండోది పరాయిదిగా మిగిలి ఎక్కువ ధర పలుకుతోంది.

గబ్బిలాల సంగతి అలా ఉంచితే ఉద్దానంలో ఈ పండుకి మరో నమ్మకమైన గిరాకీ ఉంది. ఎలుగుబంట్లు. జీడి, పనస పండే నెలల్లో అవి తోటల్లోకి దిగుతాయి. ఇది నవ్వుకునే విషయం కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి ఒక మనిషిని చంపింది, ఆ వెంటనే మరికొందరిని గాయపరిచింది. తెల్లవారకముందే ఒంటరిగా తోటలోకి వెళ్లొద్దని ఊరివాళ్లు చెబితే పండు మీద మోజుతో ఆ మాట పెడచెవిన పెట్టకూడదు.

ఇక ఆ పండు ఎందుకు నిలవదు? కోసిన పండు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని, తనలోని చక్కెరని కరిగించి, వేడిని వదులుతుంది. 1920లలో కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, చార్లెస్ వెస్ట్ అనే ఇద్దరు ఆపిల్ పండ్ల శ్వాసని కొలుస్తూ ఒక వింత గమనించారు. కోసిన ఆపిల్ కొన్నాళ్లు నెమ్మదిగా ఊపిరి తీసి, ఒక దశలో హఠాత్తుగా శ్వాస పెంచుతుంది. మాగడం అప్పుడే జరుగుతుంది. ఆ మార్పుని రగిలించే ఎథిలీన్ వాయువుని పండే స్వయంగా తయారు చేసుకుంటుందని 1934లో ఆర్. గేన్ నిరూపించాడు. ఇవాళ్టి పండ్ల వ్యాపారమంతా ఈ రెండు విషయాల మీదే నడుస్తోంది. అరటి, మామిడి, కివీ పచ్చిగా గట్టిగా ఉండగానే కోస్తారు. చల్లబెట్టి శ్వాసని తగ్గిస్తారు, ఎథిలీన్‌ని దూరంగా ఉంచుతారు, అమ్మే ముందు మాగబెడతారు. కివీ సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి నిద్రపోగలదు.

జీడిపండుకి ఆ రెండో ఊపిరి లేదు. చెట్టు మీద ఎంత పండితే అంతే. ముందుగా కోసి తర్వాత మాగబెడదామంటే కుదరదు, పచ్చిది పచ్చిదిగానే వడలిపోతుంది. కనక పూర్తిగా పండాకే కోయాలి. పూర్తిగా పండిందంటే రసంతో బిగిసిపోయి ఉంటుంది, పైనున్న తోలు ఉల్లిపొర కన్నా మందమేమీ కాదు. మన తోటల్లో అసలు కోయరు కూడా. పిక్కే కావాలి కాబట్టి పండు దానంతటది రాలేదాకా ఆగుతారు. కొమ్మ నుంచి నేలకి పడేసరికే ఒక వైపు కమిలిపోతుంది. తర్వాత పిక్కని మెలితిప్పి లాగితే కింద గాయం, ఆ గాయం లోంచి రసం. తోలు మీద ఎప్పుడూ కాచుకుని ఉండే ఈస్టు కణాలకి ఇంతకన్నా ఏం కావాలి? ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం రెండు మూడు రెట్లవుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండలో పొద్దున రాలిన పండు సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి కల్లు వాసన కొడుతుంది.

గోవా వాళ్లు ఈ బలహీనతనే వ్యాపారం చేసుకున్నారు. పులియడానికి అంత తొందరపడే పండుని పులియనిచ్చి, బట్టీ పట్టి ఉర్రాక్, ఫెనీ తీస్తారు. గోవా జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దగ్గర ఇంట్లో సారా కాచడం నేరం, కాబట్టి ఆ దారి ఉద్దానానికి లేదు. బ్రెజిల్ దారి వేరు. అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా పొట్టి జీడి చెట్లని ఎంపిక చేసింది. 1983లో విడుదల చేసిన సీసీపీ 76 అనే రకం వాటిలో పేరున్నది. చెట్టు చేతికందే ఎత్తులో ఉంటుంది కాబట్టి పండు రాలక్కర్లేదు, పిక్కతో సహా చేత్తో కోస్తారు. చిన్న పళ్లేల్లో ఒకే వరసగా పేర్చి, పైన పల్చటి పొర కప్పి, ఐదు డిగ్రీల చలిలో పెడితే రెండు వారాల దాకా నిలుస్తుంది. తోట నుంచి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న సావో పాలో దుకాణాల్లో అలా అమ్ముతున్నారు.

అంటే జీడిపండు ప్రయాణించలేదన్నది ప్రకృతి శాసనమేమీ కాదు. మన ఎంపికలో దానికి చోటు దొరకలేదు. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీపీ-8 కోస్తా అంతటా పేరు తెచ్చుకుంది. ఎందుకంటే దాని పిక్క పెద్దది. పిక్క బరువు ఎంత, పప్పు శాతం ఎంత, చెట్టుకి ఎన్ని కిలోలు అన్నవే మన కొలతలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటల్ని వేళ్లతో సహా పెకిలించాక కొత్తగా నాటిన అంట్లని కూడా ఈ కొలతలతోనే చూశారు. అన్నీ పోగొట్టుకున్న రైతు మొదట పిక్క గురించే ఆలోచిస్తాడు, అందులో తప్పేమీ లేదు. పండు గురించి ఆలోచించవలసిన పని పరిశోధన కేంద్రాలది.

సరే, తినాలనుకుంటే ఎలా? మార్చి నుంచి మే దాకా కాలం. ఎండెక్కక ముందే తోట చేరాలి. తోట మనుషులని అడిగితే పండుకి ధర చెప్పరు, అసలు ధర అనేది ఉంటే కదా. కానీ పిక్క మాత్రం వాళ్లదే. పండు తిని పిక్క తిరిగి గంపలో వేయడం అక్కడి మర్యాద. ఇంటికి తీసుకెళ్లాలంటే ఆ మర్యాదకి ఒక చిక్కొస్తుంది. పిక్క తీసేస్తే గాయం పడి పండు చెడుతుంది, తీయకపోతే రైతుకి నష్టం. పిక్క విలువ కట్టిచ్చి రెండూ కలిపి కొనుక్కోవడం దీనికి మంచి మార్గం. రాలినవి వద్దు. కొమ్మ మీద పండి, తాకితే చేతికొచ్చేవి తీసుకోవాలి. వెడల్పాటి పళ్లెంలో ఆకులు పరిచి ఒకే వరసగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి వేస్తే కిందివి రసమే. తెల్ల చొక్కా వేసుకుని తినకూడదు. దాని మరక బట్ట చిరిగేదాకా ఉంటుంది.

మొదటిసారి తిన్నవాళ్లు ముఖం చిట్లిస్తారు. తీపి వెంటనే నోరంతా బిగుసుకుపోతుంది, గొంతు గీరుతుంది. ఈ వగరుకి కారణం టానిన్లు. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, నోరు గరుకెక్కుతుంది. వగరు నిజానికి నాలుక మీది రుచి కన్నా ఎక్కువగా ఒక స్పర్శ. గొంతు గీరడంలో తోలులో ఉండే జీడి నూనె జాతి రసాయనాలకీ వాటా ఉంది. ముక్కలు కోసి ఉప్పు కారం అద్ది తినేది ఇందుకే. కాసేపు ఉప్పునీళ్లలో వేసినా, ఆవిరి మీద కొద్ది నిమిషాలు ఉంచినా గీర తగ్గుతుంది. ఇనప కత్తితో మాత్రం కోయకూడదు. ఇనుము, టానిన్లు కలిస్తే ముక్కలు నల్లబడతాయి. పూర్వం సిరా చేసింది ఈ రసాయన చర్యతోనే.

రసం తీస్తే వగరు వదిలించడం ఇంకా తేలిక. నోట్లో ఏం జరుగుతుందో అదే గిన్నెలో జరిపించాలి. టానిన్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇస్తే, దాంతో ముద్ద కట్టి అడుక్కి దిగిపోతాయి. ఫ్యాక్టరీల్లో జెలటిన్ వాడతారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం సగ్గుబియ్యంతో పని జరుగుతుందని చూపించింది. లీటరు రసానికి 5 గ్రాములు చాలు, ఉడికించి జావ చేసి చల్లారాక కలపాలి. అన్నం వార్చిన గంజి కూడా పనికొస్తుంది. కలిపి కదపకుండా ఉంచితే మడ్డి కిందకి దిగి పైన తేటగా మిగులుతుంది. ఆ తేటని వంచుకుని, చల్లబెట్టి తాగితే అది ఏ దేశపు పండు రసమో చెప్పమని ఎవరినైనా పందెం కట్టొచ్చు. పిల్లలు పక్కనుంటే ఒక జాగ్రత్త. పిక్కని పచ్చిగా కొరకనివ్వకూడదు, పొయ్యిలో కాల్చే సరదా అయితే పొగకి ఎదురుగా నిలబడనివ్వకూడదు.

రెండో పండు పనస. ఇది నిలవక కాదు, మరో కారణంతో దుకాణానికి దూరమైంది. ఉద్దానం పనసకాయ కూరకని లేతగానే కోసి లారీల్లో ఒడిశా, పశ్చిమ బెంగాల్ వైపు వెళ్లిపోతుంది. లేతకాయ గట్టిది, ప్రయాణానికి ఢోకా లేదు. పండిన పనస అలా కాదు. పది పదిహేను కిలోల బరువు, ముళ్ల తోలు, కోస్తే బంక, పది ఇళ్ల అవతలికి వాసన. గాజు తలుపుల దుకాణంలో దాన్ని ఎక్కడ పెడతారు? అంతకన్నా పెద్ద అడ్డంకి ఇంకోటుంది. పనస పువ్వులు ఒక చెట్టువి మరో చెట్టు పుప్పొడితో కలుస్తాయి. గింజ వేసి పెంచిన ఏ చెట్టూ తల్లిలా ఉండదు. ఒక చెట్టు తొన కరకరలాడుతుంది, పక్క చెట్టుది జారిపోతుంది, మూడోదానిలో తేనె. దుకాణానికి కావలసింది ప్రతిసారీ ఒకేలా ఉండే సరుకు. కనక పనసపండు కొనేవాళ్లు కాయని చూసి కాక చెట్టుని తెలుసుకుని కొనాలి. ఉద్దానంలో తరతరాలుగా జరిగింది అదే. ఫలానా వారి దొడ్లో నుయ్యి పక్క చెట్టు అంటే ఊరందరికీ తెలుస్తుంది. తిత్లీలో కూలింది అలాంటి చెట్లే. ఆ రుచులు మళ్లీ రావాలంటే కూలకముందే అంటు కట్టి ఉండాలి.

పనసకి జీడికి లేని ఆ రెండో ఊపిరి ఉంది. ముదిరిన కాయ కోసి ఇంట్లో పెట్టినా కొద్ది రోజుల్లో మాగుతుంది. ముళ్లు చదునై ఎడంగా జరిగాయా, తడితే టంగుమనకుండా బొద్దుగా మోగుతోందా చూసుకోవాలి. కోసేముందు కత్తికీ చేతులకీ కొబ్బరినూనె రాసుకోవాలి. పనస పాలు రబ్బరు జాతివి, నీళ్లకి లొంగవు, నూనెకి లొంగుతాయి.

మూడోది తాడిచెట్టు. టెక్కలి నుంచి పలాస మీదుగా ఇచ్ఛాపురం వైపు 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఎండాకాలంలో వెళితే చెట్ల నీడన ముంజెల గెలలు కనిపిస్తాయి. ముంజె పండులో భాగమే అయినా గుజ్జు కాదు. పుట్టబోయే మొక్కకి గింజ దాచిపెట్టుకునే తిండి అది. మొదట ఆ తిండి నీళ్లుగా ఉంటుంది. అందులో కణకేంద్రకాలు గోడల్లేకుండా తేలుతూ విభజన చెందుతాయి. తర్వాత అంచుల నుంచి కణాలకి గోడలు కట్టుకుంటూ వస్తాయి, నీరు జెల్లీ అవుతుంది. ఆ గోడలు మందమెక్కితే గింజ రాయిలా మారి పళ్లకి లొంగదు. మనం ముంజె అని తినేది గోడలు అప్పుడే లేస్తున్న ఆ కొద్ది రోజుల దశని. ఇవాళ సరిగ్గా ఉన్న గెల వారం ఆగితే ముదురు. కొబ్బరి బొండంలో నీళ్లు, లేత మీగడ, తర్వాత గట్టి కొబ్బరి వచ్చే వరస కూడా ఇదే. కొట్టేవాడు కొడవలితో పైభాగం చెక్కి ఇచ్చాక ఎంత త్వరగా తింటే అంత మేలు. పైపొర వగరే కానీ వేసవిలో దాంతో సహా తినేవాళ్లూ ఉన్నారు, నేనూ ఆ జట్టే.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఆసియా దుకాణాల్లో థాయ్‌లాండ్ నుంచి డబ్బాల్లో వచ్చే ముంజెలు కొంటారు. చక్కెరపాకంలో ఉడికి వస్తాయి. రూపం ఉంటుంది, నీళ్లుండవు. తాజా పండు దేశాలు దాటాలంటే దాని ఓర్పు ఒక్కటే చాలదు, చట్టం కూడా ఒప్పుకోవాలి. మన మామిడిపండుకే అమెరికా తలుపు 2007 దాకా తెరుచుకోలేదు. పండుతో పాటు పురుగులు వస్తాయని భయం. చివరికి 400 గ్రే మోతాదులో వికిరణం ఇచ్చి పంపాలన్న షరతు మీద అనుమతించారు. దేశమంతటి పేరున్న మామిడికే అంత తతంగం నడిస్తే, ఇక ముంజె తరపున వకాల్తా పుచ్చుకునేదెవరు?

తాడికి ముంజెతో కథ అయిపోదు. ముదిరిన కాయ శ్రావణ భాద్రపదాల్లో పండై రాలుతుంది. తిన్నాక టెంకల్ని ఇసుకలో పాతితే చలికాలానికి తేగలు. టెంక పగలగొడితే లోపల తెల్లగా, దూదిలా, తియ్యటి బుర్రగుంజు. ఇది నిజంగా చూడదగ్గ వింత. మొలకెత్తుతున్న పిండం తన బీజదళాన్ని బయటికి విప్పకుండా గింజ లోపలే ఉబ్బించి స్పంజిలా తయారు చేస్తుంది. ఆ స్పంజి చుట్టూ ఉన్న గట్టి తిండిని కరిగించి, చక్కెరగా మార్చి మొక్కకి పంపుతుంది. మొలకెత్తిన కొబ్బరికాయలో దొరికే కొబ్బరి పువ్వు కూడా అదే అవయవం. కొబ్బరిలో నూనె ఎక్కువ, పువ్వులో తీపి ఎక్కువ. నూనెని చక్కెరగా మార్చే పని అక్కడే నడుస్తోంది కాబట్టి. కాయ పగలగొట్టి గాలి తగలనిస్తే పువ్వు త్వరలోనే రంగు మారి చప్పబడుతుంది. అందుకే అమ్మేవాడు మన కళ్లముందే కాయ కొట్టి ఇవ్వాలి. కొట్టి పెట్టి ఉంచినవి కొనడం దండగ.

పండ్ల వేటలో ఉత్సాహం ఒక చోట తగ్గించుకోవాలి, ముఖ్యంగా ఉద్దానంలో. ఇక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో తెలుగునాట అందరికీ తెలుసు. దీనికోసమే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియంని సరిగా బయటికి పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లలో, పనసలో, అరటిలో పొటాషియం బాగా ఉంటుంది. విటమిన్ సి మితిమీరితే శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది, అదీ కిడ్నీకి బరువే. కనక జీడిపండు రసం అందరికీ అమృతమని ప్రచారం చేయడం ఇక్కడ తగని పని. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే స్టార్ ఫ్రూట్. ఆరోగ్యవంతుడు మితంగా తింటే అది పుల్లటి పండు మాత్రమే. కిడ్నీ రోగికి ఒక్క పండు కూడా ఆగని ఎక్కిళ్లతో మొదలై, మతి తప్పించి, ప్రాణం మీదికి తేగలదు. ఇందుకు కారణమైన నరాల విషాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో వేరుచేసి కారంబాక్సిన్ అని పేరు పెట్టారు. మంచి కిడ్నీ దాన్ని వడగట్టి పారేస్తుంది, చెడినది పారేయలేదు. ఇంట్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్లుంటే కొత్త పండు ఏది కొనేముందైనా వైద్యుణ్ని అడగాలి, స్టార్ ఫ్రూట్ అయితే అడగక్కర్లేదు, అసలు తేనే కూడదు.

మళ్లీ జీడిపండు లెక్కకొద్దాం. పలాస వైపు పిక్కల బేరం 80 కిలోల బస్తాల్లో నడుస్తుంది. పండు బరువు పిక్కకి ఆరు నుంచి పది రెట్లు. అంటే ఒక్క బస్తా పిక్కల వెనక 480 నుంచి 800 కిలోల దాకా పండ్లు తోటలో మిగిలాయన్నమాట, అందులో సగానికి పైగా రసం. ఇంత సరుకు ఊరికే పోతున్నా రసం కార్ఖానా ఎందుకు పెట్టరని అడిగితే రెండు సమాధానాలు వస్తాయి. పండు ఫ్యాక్టరీకి చేరేలోగా పులుస్తుంది. చేరినా, ఏడాదిలో రెండు మూడు నెలల పని కోసం యంత్రాలు ఎవరు కొంటారు? మొదటిదానికి జవాబు చిన్న మరలు. ఊరి దగ్గరే రసం పిండి, సగ్గుజావతో తేటపరిచి, వేడి చేసి సీసా కట్టే పని గంటల్లో అయిపోతుంది, పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. రెండోదానికి జవాబు ఉద్దానం చుట్టుపక్కలే ఉంది. జీడి అయ్యేసరికి మే, జూన్‌లలో పనస తొనలు, తర్వాత నేరేడు, సీతంపేట కొండల అనాస, శ్రావణం దాటాక తాటిపండు గుజ్జు. ఒకే మర, ఒకే వడపోత, ఒకే బాయిలరు. మార్చిలో వెలిగించిన పొయ్యి సెప్టెంబరు దాకా ఆర్పక్కర్లేదు.